రెండో ప్రశ్నకు తయారవ్వండి

అందరికీ నమస్కారం. వెనక నిలబడ్డవాళ్లు ముందుకు రండి, ఇటువైపు కుర్చీలు ఖాళీగా ఉన్నాయి.

ఇంటర్వ్యూలకు ఎలా తయారవ్వాలో మాట్లాడమని నన్ను పిలిచారు. చాలా ఏళ్లుగా నేను బల్లకు ఇవతలి వైపు, అంటే ప్రశ్నలు అడిగే వైపు కూర్చుంటున్నాను. అక్కడి నుంచి చూస్తుంటే నాకు బలంగా అనిపించిన విషయం ఒకటుంది. దాన్ని ముందే చెప్పేస్తాను, ఈ రోజు నేను మాట్లాడేదంతా దాని చుట్టూనే ఉంటుంది. అభ్యర్థులు మొదటి ప్రశ్నకు తయారై వస్తారు. ఉద్యోగం రెండో ప్రశ్న దగ్గర తేలుతుంది.

మొదటి ప్రశ్నలు మీ అందరికీ తెలుసు. మీ గురించి చెప్పండి, మీ బలాలేమిటి, ఈ ఉద్యోగం ఎందుకు కావాలి, ఐదేళ్ల తర్వాత మిమ్మల్ని మీరు ఎక్కడ చూసుకుంటున్నారు. వీటికి జవాబులు ఇంటర్నెట్ నిండా ఉన్నాయి. బట్టీ పట్టుకుని రావచ్చు, చాలామంది అలాగే వస్తారు. రెండో ప్రశ్నను మాత్రం ముందుగా ఎవరూ రాసి పెట్టలేరు. అది మీ జవాబులోంచే పుడుతుంది. "టీమ్‌ను నడిపించాను" అన్నారనుకోండి. "టీమ్‌లో ఎంతమంది ఉండేవారు? మీరు చెప్పింది ఒప్పుకోని వాళ్లెవరైనా ఉన్నారా? అప్పుడేం చేశారు?" అని అడుగుతారు. బట్టీ పట్టి వచ్చినవాళ్లు అక్కడికొచ్చేసరికి నీళ్లు నములుతారు. ఆ పని నిజంగా చేసినవాళ్లకు అసలు మాటలు అక్కడే మొదలవుతాయి. కానీ ఒక చిక్కుంది. నిజంగా చేసినవాళ్లు కూడా చాలాసార్లు అక్కడ తడబడతారు. నాకు బాధ కలిగించేది అదే. పని చేసి ఉంటారు, బాగా చేసి ఉంటారు, సమయానికి గుర్తు రాదు.

ఒక ఇంటర్వ్యూ గురించి చెబుతాను. కస్టమర్ సర్వీస్‌లో పనిచేసిన అమ్మాయి వచ్చింది. రెజ్యూమెలో "కస్టమర్ ఫిర్యాదులను 40 శాతం తగ్గించాను" అని ఉంది. బోర్డులో ఒకరు అడిగారు, "ఈ 40 శాతం ఎలా లెక్కేశారండీ?" ఆమె కాసేపు ఆగి, "మా మేనేజర్ రిపోర్టులో ఉంది సార్" అంది. "ఏ రకం ఫిర్యాదులు తగ్గాయి?" "అన్నీ తగ్గాయి సార్." గదిలో ఉన్న మాకందరికీ ఆ అంకె మీద నమ్మకం పోయింది. ఆమె ముఖంలో రంగు కూడా పోయింది.

అప్పుడు నా పక్కన కూర్చున్న మేడమ్ ప్రశ్న మార్చారు. "అవన్నీ పక్కన పెట్టండి. ఆ రోజుల్లో పొద్దున్నే ఆఫీసుకు రాగానే ముందు ఏం చేసేవారు?" ఆ అమ్మాయి గొంతే మారిపోయింది. "రాత్రి వచ్చిన మెయిల్స్ అన్నీ తెరిచి, ఒకే విషయం మీద ఉన్నవాటిని ఒక షీట్‌లో వేసేదాన్ని మేడమ్. వారం అయ్యాక చూస్తే సగానికి పైగా డెలివరీ తేదీ గురించే. వస్తువు ఆలస్యమైందని కాదు, ఎప్పుడొస్తుందో ఎవరూ చెప్పడం లేదని కోపం. అందుకని ఆలస్యమయ్యే ఆర్డర్ల వాళ్లకు మనమే ముందుగా మెసేజ్ పెడదామన్నాను. మొదట్లో ఆ మెసేజ్‌లన్నీ నేనే కూర్చుని టైప్ చేసేదాన్ని. పని చేస్తోందని తెలిశాక సాఫ్ట్‌వేర్ వాళ్లు ఆటోమేటిక్‌గా వెళ్లేలా చేశారు."

అందరం సర్దుకుని కూర్చున్నాం. ఒక ఉద్యోగిలో మేం ఏం వెతుకుతున్నామో అదంతా ఆ నాలుగు మాటల్లో ఉంది. ఎవరూ చెప్పకుండానే సమస్యను గమనించింది. అసలు కారణం కనిపెట్టింది. చిన్నగా ప్రయోగం చేసి చూసింది. ఇంత సరుకు ఉన్న మనిషి రెజ్యూమెలో ఒక అంకె వేసి, దాని వెనకున్న కథను ఇంట్లో వదిలేసి వచ్చింది. ఆ రోజు మా మేడమ్ ఆ ప్రశ్న అడిగారు కాబట్టి సరిపోయింది. అన్ని బోర్డుల్లోనూ అలా ప్రశ్న మార్చి అడిగేవాళ్లు ఉండరు. కాబట్టి ఆ ప్రశ్న మీకు మీరే ఇంట్లో వేసుకోవాలి.

ఎలా వేసుకోవాలంటే, మీ రెజ్యూమె ప్రింట్ తీసి బల్ల మీద పెట్టుకోండి. అందులో ప్రతి లైనూ ప్రామిసరీ నోటు లాంటిదే, ఎదుటివాళ్లు ఎప్పుడైనా దాన్ని చెల్లించమని అడగొచ్చు. ఒక్కో లైను పక్కన మీరే ప్రశ్నలు రాయండి. ఇది ఎలా చేశాను? నేను రాకముందు పరిస్థితి ఎలా ఉండేది? నేనే ఎందుకు చేయాల్సి వచ్చింది? మొదట అనుకున్నది ఏది పని చేయలేదు? ఈ అంకె ఎక్కడి నుంచి వచ్చింది, ఎప్పటి నుంచి ఎప్పటి వరకు? ఇదే పని మళ్లీ చేయాల్సి వస్తే ఏం మారుస్తాను? వీటికి మీ దగ్గర జవాబులున్నాయేమో చూడండి. లేకపోతే అప్పటి మీ క్యాలెండర్ చూసుకోండి, మీతో పనిచేసిన స్నేహితుడికి ఫోన్ చేసి "అప్పుడు మనం ఏం చేశాం?" అని అడగండి. ఐదు నిమిషాలు మాట్లాడితే మీరు మరిచిపోయినవి ఎన్నో బయటికొస్తాయి. అయినా ఏమీ గుర్తు రాలేదంటే ఆ లైను తీసేయండి. చెప్పలేని లైను రెజ్యూమెలో ఉండటం కంటే లేకపోవడమే మేలు.

ఇక్కడే ఒక హెచ్చరిక. పాత కంపెనీ ఫైళ్లు, కస్టమర్ల పేర్లు, లోపలి లెక్కలు ఇంటర్వ్యూకు పట్టుకెళ్లకండి, నోటితోనూ చెప్పకండి. "వివరాలు చెప్పకూడదు, పద్ధతి మాత్రం చెబుతాను" అంటే ఏ బోర్డూ తప్పు పట్టదు. వాళ్ల రహస్యాలు మా దగ్గర చెప్పేవాళ్లు రేపు మావి ఇంకెక్కడో చెబుతారని మాకు అనిపిస్తుంది.

ఇప్పుడు ఇంకో మాట. ఇంటర్వ్యూ చేసేవాళ్లు ఇలా తవ్వి తవ్వి ఎందుకు అడుగుతారు? కొందరికి ఇది తమను ఇరికించడానికే అనిపిస్తుంది. ఈ పద్ధతి ఎలా వచ్చిందో తెలిస్తే ఆ భయం కొంత తగ్గుతుంది.

1921లో థామస్ ఎడిసన్ తన దగ్గర ఉద్యోగానికి వచ్చేవాళ్లకు ఒక ప్రశ్నాపత్రం ఇస్తున్నారన్న సంగతి పత్రికలకెక్కింది. భూగోళం, చరిత్ర, సైన్సు, దాదాపు 150 ప్రశ్నలు. చదువుకున్నవాళ్లు కూడా చాలామంది తప్పారు. అది జ్ఞాపకశక్తికి పరీక్ష. పని చేయగలరా అన్నది దాంతో తేలదని అప్పుడే విమర్శలు వచ్చాయి. చాలా కాలం తర్వాత పెద్ద టెక్నాలజీ కంపెనీలు మళ్లీ చిక్కు ప్రశ్నల వెంట పడ్డాయి. విమానంలో ఎన్ని గోల్ఫ్ బంతులు పడతాయి లాంటివి. 2013లో గూగుల్‌లో సిబ్బంది విభాగాన్ని చూసే లాస్లో బాక్ పత్రికలవాళ్లతోనే చెప్పేశారు, అలాంటి ప్రశ్నలు పూర్తిగా టైమ్ వేస్టని, వాటితో ఏదీ ముందుగా తెలియదని.

ఇక అసలు మలుపు ఎక్కడుందంటే, 1955లో డేనియల్ కానెమన్ అనే కుర్రాడు ఇజ్రాయెల్ సైన్యంలో పనిచేస్తున్నాడు. అప్పటికి ఇరవై దాటి ఒకటి రెండేళ్లు. తర్వాత 2002లో ఆర్థికశాస్త్రంలో నోబెల్ బహుమతి అందుకున్నది ఈయనే. సైన్యంలో చేరేవాళ్లను అప్పటిదాకా ఎలా ఇంటర్వ్యూ చేసేవారంటే, కాసేపు కబుర్లు చెప్పి, "ఇతను పనికొస్తాడు" అని మనసుకు తోచింది రాసేవారు. ఆ అంచనాలు నిలబడటం లేదు. కానెమన్ ఆరు లక్షణాలు ఎంచుకుని, ఒక్కోదానికి విడిగా ప్రశ్నలు తయారు చేశారు. ప్రశ్నలు అభిప్రాయాల గురించి కాదు, జరిగినవాటి గురించి. ఇప్పటిదాకా ఎక్కడెక్కడ పని చేశావు, సమయానికి వెళ్లేవాడివా, స్నేహితులతో ఎంత తరచుగా కలిసేవాడివి, ఇలాంటివి. ఒక్కో లక్షణానికి ఒకటి నుంచి ఐదు దాకా మార్కు వేయాలి. ఇంటర్వ్యూ చేసేవాళ్లకు మొదట కోపం వచ్చింది, మమ్మల్ని మరమనుషుల్ని చేస్తున్నారని. కానీ ఫలితాలు పాత పద్ధతి కంటే బాగా వచ్చాయి.

2022లో పాల్ సాకెట్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త, ఆయన సహచరులు ఈ రంగంలో దశాబ్దాలుగా జరిగిన పరిశోధనలను మళ్లీ లెక్కగట్టి చూశారు. ఉద్యోగంలో ఎవరు ఎలా పనిచేస్తారో ముందుగా అంచనా వేసే పద్ధతుల్లో, అందరినీ ఒకే ప్రశ్నలు అడిగి ఒకే కొలతతో మార్కులు వేసే ఇంటర్వ్యూ అన్నిటికంటే ముందు నిలిచింది.

దీన్ని బట్టి మీకు తెలియాల్సింది ఏమిటంటే, మంచి ఇంటర్వ్యూలో ఎదుటివాళ్ల ముందు ఒక ఫారం ఉంటుంది. అందులో "సమస్యను పరిష్కరించడం", "ఇతరులతో కలిసి పనిచేయడం" లాంటి గడులు ఉంటాయి. ఆ గడిలో ఏం రాయాలో వాళ్లకు మీ నోటి నుంచి కావాలి. "నేను బాగా కష్టపడతాను" అంటే రాయడానికి ఏమీ ఉండదు. "నెలాఖరు లెక్కలు ఐదు రోజులు పట్టేవి, ఎక్కడ ఆగుతోందో చూసి మూడు రోజులకు తెచ్చాను" అంటే పెన్ను కదులుతుంది. రెండో ప్రశ్న అడుగుతున్నారంటే ఆ గడి నింపడానికి వాళ్లు మీకు సాయం చేస్తున్నారని అర్థం. ఇరికించడానికి అడిగేవాళ్లు అక్కడక్కడా ఉంటారు, కాదనను. కానీ చాలా తక్కువ.

ఇక కథలు చెప్పే తీరు. స్టార్ పద్ధతి అని మీలో చాలామంది వినే ఉంటారు. ముందు సందర్భం, తర్వాత మీ బాధ్యత, తర్వాత మీరు చేసింది, చివరికి ఫలితం. మంచి పద్ధతే. అయితే దాన్ని వాడేవాళ్లు సందర్భం దగ్గరే చిక్కుకుపోతారు. కంపెనీ ఏమిటి, డిపార్ట్‌మెంట్ ఏమిటి, ఆ సాఫ్ట్‌వేర్ ఎందుకు కొన్నారు, ఎవరు కొన్నారు, ఇలా రెండు నిమిషాలు గడిచిపోతాయి. చివర్లో "అప్పుడు మా టీమ్ అంతా కలిసి పూర్తి చేశాం" అని ఒక్క ముక్కలో ముగిస్తారు. మాకు కావాల్సింది ఆ ఒక్క ముక్క లోపలున్నదే. సందర్భం రెండు వాక్యాల్లో చెప్పేయండి. ఎక్కువ సమయం మీరు చేసినదానికి ఇవ్వండి. ఎవరితో మాట్లాడారు, ఏ రెండు దారుల్లో ఒకటి ఎంచుకున్నారు, ఎందుకు ఎంచుకున్నారు. టీమ్‌కు దక్కాల్సిన పేరు టీమ్‌కు ఇవ్వండి, అందులో మీ భాగం ఏమిటో కూడా స్పష్టంగా చెప్పండి. అది గొప్పలు చెప్పుకోవడం కాదు. వాళ్లు ఉద్యోగం ఇచ్చేది మీకు, మీ టీమ్‌కు కాదు.

ఇలాంటి కథలు ఎన్ని కావాలి? వంద ప్రశ్నలకు వంద కథలు అక్కర్లేదు. ఐదారు గట్టి కథలుంటే చాలు. బాగా జరిగింది ఒకటి, చెడిపోయింది ఒకటి, ఎవరితోనో పేచీ వచ్చింది ఒకటి, టైమ్ చాలనిది ఒకటి, కొత్తగా నేర్చుకోవాల్సి వచ్చింది ఒకటి. వీటిని లోతుగా తెలుసుకుని ఉంటే, ప్రశ్న ఏ వైపు నుంచి వచ్చినా వీటిలో ఏదో ఒకటి సరిపోతుంది.

ఏ కథలు ఎంచుకోవాలో ఉద్యోగ ప్రకటనే చెబుతుంది. దాన్ని అప్లై చేసేటప్పుడు చదివి, ఇంటర్వ్యూ నాటికి మరిచిపోతారు చాలామంది. మళ్లీ తీసి నిదానంగా చదవండి. "వివిధ విభాగాలతో సమన్వయం చేసుకోవాలి" అని ఉందనుకోండి. అంటే మీ చేతిలో అధికారం లేని మనుషుల చేత పని చేయించాల్సి ఉంటుంది. అలాంటి పని మీరెప్పుడు చేశారో వెతకండి. ఒక మాట రెండు మూడు చోట్ల మళ్లీ మళ్లీ వస్తోందంటే అక్కడే వాళ్లకు అవసరం ఎక్కువ. కాగితాన్ని నిలువునా రెండుగా మడిచి, ఎడమవైపు వాళ్లు అడిగింది, కుడివైపు మీరు చేసింది రాయండి. కుడివైపు ఖాళీగా మిగిలిన చోట్ల ఏం చెప్పాలో కూడా ముందే ఆలోచించుకోండి. "ఇది నేను చేయలేదు, దీనికి దగ్గరగా ఉన్న ఫలానాది చేశాను, ఇది నేర్చుకోవడం ఇప్పటికే మొదలుపెట్టాను" అనవచ్చు. మొదలుపెట్టానని అంటే నిజంగా మొదలుపెట్టండి. అక్కడ కూడా రెండో ప్రశ్న వస్తుంది.

"మీ గురించి చెప్పండి" అన్నదాని దగ్గర కొంచెం ఆగుదాం. దీనికి ఒకటిన్నర, రెండు నిమిషాలు చాలు. పుట్టినప్పటి నుంచి మొదలుపెట్టొద్దు. ఇప్పుడు ఏం చేస్తున్నారు, ఇక్కడికి రావడానికి ముందు ఏ పని మిమ్మల్ని తీర్చిదిద్దింది, ఈ ఉద్యోగం వైపు ఎందుకు వస్తున్నారు. ఈ మూడూ చాలు. ఇందులో చాలామంది గమనించని సంగతి ఒకటుంది. మీరు చివర చెప్పిన వాక్యాన్ని పట్టుకునే తర్వాతి ప్రశ్న వస్తుంది. రెజ్యూమె అప్పుడే చేతిలోకి తీసుకున్న మనిషికి అడగడానికి ఏదో ఒకటి కావాలి, మీరు ఆఖర్న ఏమన్నారో అదే చెవిలో ఉంటుంది. "నా హాబీలు క్రికెట్, సంగీతం" అని ముగిస్తే క్రికెట్ గురించి అడుగుతారు. "గత ఏడాది గోడౌన్‌లో స్టాక్ లెక్కలు తేడా వస్తుంటే ఆ సమస్య నాకప్పగించారు, నాకు ఈ రంగం మీద ఇష్టం అక్కడే కలిగింది" అని ముగిస్తే, ఆ తేడా ఎందుకొచ్చిందని అడుగుతారు. అది మీకు కొట్టిన పిండి. మీ రెండో ప్రశ్నను మీరే పిలిచినట్టయింది.

బలహీనతల గురించి అడిగితే "నేను పర్ఫెక్షనిస్ట్‌ని" అనడం మానేయండి. విని విని ఉన్న జవాబది, పైగా నిజం దాచుతున్నట్టు అనిపిస్తుంది. నిజమైనది ఒకటి చెప్పండి, దాని మీద మీరు చేస్తున్న పని చెప్పండి. "ఒకరికి పని అప్పగించాక మధ్యలో నేనే తీసుకుని చేసేసేవాణ్ని. ఇప్పుడు అప్పగించేటప్పుడే ఏ రోజు చూస్తానో చెప్పి, ఆ రోజు దాకా ముట్టుకోను." ఇలా. "ఈ మధ్య మళ్లీ అలా జరిగిందా?" అని అడుగుతారు. దానికీ నిజమే చెప్పండి. ఎప్పుడూ జరగలేదంటే నమ్మరు.

తెలియని ప్రశ్న వస్తే తెలియదనండి. కానీ అక్కడితో తలుపు మూసేయొద్దు. "ఇది నాకు తెలియదు. నేనైతే ముందు ఫలానా చోట చూస్తాను, ఎందుకంటే..." అని ఆలోచన బయటపెట్టండి. తెలియనిచోట మనిషి ఎలా కదులుతాడో చూడటం కూడా ఇంటర్వ్యూలో భాగమే.

ఆలోచించడానికి టైమ్ తీసుకోండి. మనుషులు మాట్లాడుకునేటప్పుడు ఒకరి మాటకూ మరొకరి మాటకూ మధ్య ఉండే ఖాళీ సగటున సెకనులో ఐదో వంతు మాత్రమే. పది భాషల్లో సంభాషణలు రికార్డు చేసి పరిశీలిస్తే దాదాపు ఇంతే తేలింది, 2009లో ఆ వివరాలు వచ్చాయి. మనకు అంత వేగం అలవాటు. అందుకే ఇంటర్వ్యూలో మూడు సెకన్లు ఊరుకుంటే మూడు గంటలైనట్టు అనిపించి, నోటికొచ్చింది మొదలుపెట్టేస్తాం. "ఒక్క క్షణం ఆలోచించి చెబుతాను" అని పైకి చెప్పేయండి. ఆ మాట అన్నాక నిశ్శబ్దం ఎవరికీ ఇబ్బందిగా ఉండదు.

ఇప్పుడు ప్రాక్టీస్ గురించి. నేను గట్టిగా పట్టుబట్టేది ఇదొక్కదాని మీదే. జవాబులు చదవడం ప్రాక్టీస్ కాదు. నోరు తెరిచి చెప్పాలి. 2006లో రోడిగర్, కార్పికె అనే ఇద్దరు మనస్తత్వ శాస్త్రవేత్తలు విద్యార్థులతో ఒక ప్రయోగం చేశారు. ఒకే పాఠాన్ని కొందరు మళ్లీ మళ్లీ చదివారు, ఇంకొందరు పుస్తకం పక్కన పెట్టి గుర్తు చేసుకుని రాశారు. ఐదు నిమిషాల తర్వాత పరీక్ష పెడితే చదివినవాళ్లు ముందున్నారు. వారం తర్వాత పెడితే గుర్తు చేసుకున్నవాళ్లు చాలా ముందున్నారు. రాత్రంతా కాగితాలు చదివి పొద్దున వచ్చినవాళ్లకు అంతా తెలుసనే అనిపిస్తుంది, గదిలోకి వెళ్లాక నాలుక తిరగదు. దానికి కారణం ఇదే.

ఫోన్‌లో రికార్డు పెట్టుకుని ఒక కథ చెప్పండి, తర్వాత వినండి. మొదటిసారి వినడం కష్టంగా ఉంటుంది, అయినా వినండి. ఎక్కడ సాగదీశారో, ఎక్కడ "బేసిక్‌గా", "యాక్చువల్‌గా" అంటూ గుక్క తిప్పుకుంటున్నారో మీకే తెలుస్తుంది. తర్వాత ఒక స్నేహితుణ్ని కూర్చోబెట్టుకోండి. అతనికి ప్రశ్నల లిస్టు ఇవ్వకండి. "నేను చెప్పేదాంట్లో నీకు అర్థం కానిదీ, నమ్మబుద్ధి కానిదీ పట్టుకుని అడుగు" అని చెప్పండి. మీ రంగం గురించి ఏమీ తెలియని మనిషైతే ఇంకా మంచిది, దాటవేసిన చోట వెంటనే పట్టుకుంటాడు. ఎవరూ దొరక్కపోతే ఈ రోజుల్లో చాట్‌బాట్‌లు ఉన్నాయి, మీ జవాబు చెప్పి రెండో ప్రశ్న అడగమనండి. దానికి మాత్రమే వాడుకోండి. జవాబులు దానితో రాయించుకుంటే అందరి జవాబులూ ఒకేలా ఉంటాయి, మాకు వెంటనే తెలిసిపోతుంది.

ఒక్కో జవాబును అక్షరం పొల్లుపోకుండా వల్లె వేయొద్దు. మధ్యలో ఒక మాట జారిపోతే మొత్తం ఆగిపోతుంది. మూడు నాలుగు ముఖ్యమైన మలుపులు గుర్తుంటే చాలు, వాక్యాలు ఆ పూట ఎలా వస్తే అలా రానివ్వండి.

టెన్షన్ సంగతి అడుగుతారని తెలుసు. గుండె దడ అందరికీ ఉంటుంది. "శాంతంగా ఉండు, శాంతంగా ఉండు" అని మనకు మనం చెప్పుకుంటాం, దానివల్ల పెద్దగా ఒరిగేదేమీ లేదు. ఆలిసన్ వుడ్ బ్రూక్స్ అనే పరిశోధకురాలు 2014లో ప్రచురించిన ప్రయోగాల్లో, పాట పాడేముందు, నలుగురిలో మాట్లాడేముందు, లెక్కలు చేసేముందు "నాకు ఉత్సాహంగా ఉంది" అనుకున్నవాళ్లు, తమను తాము శాంతపరచుకోవాలని చూసినవాళ్ల కంటే బాగా చేశారు. దడ ఎలాగూ పోదు కాబట్టి దాన్ని ఉత్సాహం కింద తీసుకోవడం తేలిక. గదిలోకి వెళ్లేముందు ఆ మాట పైకే అనుకోండి.

బట్టల గురించి ఎక్కువ చెప్పను. శుభ్రంగా, ఆ పనిచోట సాధారణంగా వేసుకునేదానికంటే ఒక మెట్టు పద్ధతిగా ఉంటే చాలు. పది నిమిషాలు ముందు చేరండి. ఆన్‌లైన్ ఇంటర్వ్యూ అయితే ముందు రోజే అదే కుర్చీలో, అదే వెలుతురులో కూర్చుని కెమెరా, మైకు చూసుకోండి. లింకు పనిచేయకపోతే ఎవరికి ఫోన్ చేయాలో నంబరు కాగితం మీద రాసి పెట్టుకోండి.

చివర్లో "మీరేమైనా అడుగుతారా?" అంటారు. "ఏమీ లేదు సార్" అనకండి. "ఈ ఉద్యోగంలో చేరినవాళ్లు మొదటి మూడు నెలల్లో ఏం చేస్తే బాగా చేశారంటారు?" అని అడగండి. వాళ్లు చెప్పింది శ్రద్ధగా విని, ఆ జవాబులోంచి ఇంకో ప్రశ్న వేయండి. ఇందాకటి నుంచి చెబుతున్న రెండో ప్రశ్న మీ చేతికి వచ్చే సమయం అదే. మీరు విన్నారని, ఆలోచిస్తున్నారని తెలియడానికి అంతకంటే మంచి దారి లేదు. పైగా అక్కడ చేరాలో వద్దో మీరు తేల్చుకోవడానికి కూడా ఆ జవాబులు కావాలి.

నేను చెప్పాల్సినవి అయ్యాయి. ప్రశ్నలుంటే అడగండి.

ఆ అమ్మాయి ఏదో అడుగుతోంది. "మేం ఇప్పుడే చదువు పూర్తి చేశాం, అనుభవం లేదు, కథలు ఎక్కడి నుంచి తేవాలి" అంటోంది. మంచి ప్రశ్నమ్మా. మీరు ప్రాజెక్టు చేసి ఉంటారు కదా. నలుగురు కలిసి చేసినదాంట్లో మీరు చేసిన భాగం ఏది? మొదటిసారి నడవకపోతే ఎలా సరిచేశారు? ఒకరు పని చేయకుండా తప్పించుకుంటే మిగతా ముగ్గురూ ఏం చేశారు? ఎవరికైనా పాఠాలు చెప్పారా, ఏదైనా కార్యక్రమం దగ్గరుండి జరిపించారా, సెలవుల్లో పని చేశారా? ఉద్యోగం చిన్నదైనా, జీతం లేనిదైనా పర్వాలేదు. మీరు ఏం గమనించారు, ఏం నిర్ణయించారు అన్నదే వింటారు. ప్రాజెక్టు రిపోర్టు మళ్లీ ఒకసారి చదువుకుని వెళ్లండి. సొంత ప్రాజెక్టు మీద రెండో ప్రశ్నకు జవాబు రాక చేజారిన ఉద్యోగాలు చాలా ఉన్నాయి.

అటు వెనక నుంచి? "మధ్యలో రెండేళ్లు ఉద్యోగం చేయలేదు, ఎలా చెప్పాలి" అంటున్నారు. దాచకండి సార్, తేదీలు మార్చి కప్పిపుచ్చకండి. పాత ఉద్యోగాల వివరాలు కంపెనీలు తర్వాత సరిచూసుకుంటాయి, అక్కడ తేడా వస్తే చేతికొచ్చిన ఉద్యోగం కూడా పోతుంది. కారణం ఒక్క వాక్యంలో చెప్పండి. ఇంట్లో అనారోగ్యమైతే "ఇంట్లో ఒకరి ఆరోగ్యం చూసుకోవాల్సి వచ్చింది, ఇప్పుడు ఆ బాధ్యత తీరింది" అంటే సరిపోతుంది. ఎవరి ఆరోగ్యం, ఏం జబ్బు అన్న వివరాల్లోకి మీరు వెళ్లనక్కర్లేదు. వెంటనే మాటను పని మీదికి తీసుకురండి, ఆ రెండేళ్లలో మీ రంగంలో ఏం మారిందో, అందులో మీరు ఏం నేర్చుకున్నారో చెప్పండి. ఇప్పటిదాకా ఏమీ నేర్చుకోకపోతే ఈ వారమే ఒకటి మొదలుపెట్టండి.

ఇంకొక్కటి. "పాత ఉద్యోగం పై అధికారితో పడక వదిలేశాను, నిజం చెప్పాలా?" అని అడుగుతున్నారు. అబద్ధం చెప్పకండి, తిట్టనూ వద్దు. ఎవరు మంచివాళ్లో తేల్చడం ఆ గదిలో ఉన్నవాళ్ల పని కాదు. మీరు ఏం కోరుకుని బయటికి వచ్చారో చెప్పండి. "అక్కడ ప్రతి చిన్న నిర్ణయానికీ పై అనుమతి కావాల్సి వచ్చేది. నేను సొంతంగా చూసుకోగలిగే పని కోసం వెతుకుతున్నాను. మీ ప్రకటనలో ఒక ప్రాంతం మొత్తం బాధ్యత ఉంటుందని రాశారు, అందుకే వచ్చాను." దీని మీద వాళ్లు "అనుమతి లేకుండా మీరు తీసుకున్న నిర్ణయం ఏదైనా చెప్పండి" అంటారు. అది ముందే తయారు చేసుకుని వెళ్లండి. ఒకటి కాదు, రెండు పెట్టుకోండి, మొదటిది వినగానే ఇంకోటి చెప్పమనేవాళ్లు ఉంటారు.